వ్యర్థమునందు అర్థమును చూచిన వర్తకుడు
జంషెడ్జీ టాటా జీవితము

సంతకు సరకు తోలుకొని పోయిన బండి తిరుగు ప్రయాణమున ఖాళీగా వచ్చినచో బండివానికి సగము నష్టమే. ఎడ్లకు మేత తప్పదు, ఇరుసునకు కందెన తప్పదు, దినమంతయు గడచిపోవుట తప్పదు. కూలి మాత్రము ఒకవైపునకే ముట్టును. తెలివిగల బండివాడు సంతలో ఉప్పు బస్తాలనో కుండలనో ఎక్కించుకొని మరలును. ఎడ్లు అవియే, బండి అదియే, బాట అదియే. రాబడి మాత్రము ఇబ్బడి యగును. ఉన్నదానిని ఊరక ఉండనీయక పనిలో పెట్టుట వర్తక రహస్యములలో ముఖ్యమైనది.

ఈ రహస్యమును జీవితమంతయు పట్టుకొనియుండిన మహనీయుడు జంషెడ్జీ నసర్వాన్జీ టాటా. టాటా యను పేరును ఉప్పు పొట్లము మీదనో లారీ మీదనో చూడని బాలుడు మనలో లేడు. ఆ పేరు గల మనుష్యుని కథ ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. అందుచే ఆ కథను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి.

జంషెడ్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాత్ ప్రాంతమునందలి నవసారి పట్టణమున జన్మించెను. వారిది పార్శీ అర్చకుల వంశము. తండ్రియైన నసర్వాన్జీ కులవృత్తిని విడిచి బొంబాయి చేరి వర్తకము సాగించెను. కుమారుడు బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1858లో విద్య ముగించెను. మరుసటి యేడే తండ్రి ఆతనిని హాంకాంగ్ నగరమునకు పంపెను. ప్రత్తి, పట్టు, తేయాకు మొదలగు సరకులు దేశదేశముల నడుమ ఎట్లు మారునో అచ్చట ఆతడు కన్నులార చూచెను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. అచటినుండి ఇంగ్లండునకు ప్రత్తి రాక నిలిచిపోయెను. మన దేశపు ప్రత్తికి ఎన్నడు లేని ధర పలికి, బొంబాయి వర్తకులు రాత్రికి రాత్రి ధనవంతులైరి. ఆ ధనమును చూచి జనులు సాహసములకు దిగిరి. 1865లో యుద్ధము ముగిసినంతనే ధర కూలెను. అంతకుముందే లండనుకు పంపబడియుండిన జంషెడ్జీ చేతిలోని హుండీలు ఒక్కసారిగా చిత్తు కాగితము లయ్యెను. యౌవనమున నున్న వానికి ఇది సామాన్యమైన కష్టము గాదు. అట్టి వేళ పలువురు మొగము చాటుచేయుదురు. ఈయన అట్లు చేయక అప్పులవారి యెదుటికి పోయి, ఉన్న లెక్కను ఉన్నట్లు విప్పి చూపెను. వారు ఆయన నిజాయితీకి మెచ్చి, ఆ సంస్థ ఆస్తులను పరిష్కరించి బాకీలు తీర్చు పనిని ఆయనకే అప్పగించి, నెలకు 20 పౌనుల జీతము ఏర్పరచిరి.

దివాలా యనగా నేమో ఈ విధముగా ఆయన లోపలినుండి నేర్చుకొనెను. మూతపడిన వ్యాపారమునందు అన్నియు నశింపవనియు, కొన్ని వస్తువులు, కొందరు మనుష్యులు, కొంత పరపతి పనికి వచ్చునవిగా మిగిలియుండుననియు ఆయన కప్పుడే బోధపడియుండునని మాకు తోచుచున్నది. తరువాతి జీవితము ఈ యూహకు సాక్ష్యము పలుకుచున్నది.

1868లో ఆయన 21,000 రూపాయల మూలధనముతో సొంత వ్యాపారము ప్రారంభించెను. మరుసటి సంవత్సరము బొంబాయిలోని చించ్‌పోక్లీ యందు దివాలా తీసి మూతపడిన నూనె మిల్లు ఒకటి ఆయన కంటబడెను. నూనె తీయుట అచట గిట్టుబాటు కాలేదు. అంతమాత్రమున ఆ స్థలమును, ఆ కట్టడమును మరియొక పనికిని పనికిరావని నిశ్చయింప వలసిన పనిలేదు గదా! భాగస్వాములతో కలిసి ఆయన దానిని కొని, నూలు మిల్లుగా మార్చి, అలెగ్జాండ్రా మిల్లని పేరుపెట్టి నడిపెను. రెండేండ్లకు దానిని లాభమునకు అమ్మివేసెను. ఆ మీదట లాంకషైరు పోయి, అచటి నూలు పరిశ్రమ మర్మములను శ్రద్ధతో పరిశీలించి వచ్చెను.

అప్పటి మిల్లులలో పెక్కు బొంబాయిలోనే వెలయుచుండెను. జంషెడ్జీ మాత్రము ప్రత్తి పండు నేల వైపు చూపు త్రిప్పెను. ప్రత్తి నాగపురి ప్రాంతమున పండును. అది రైలెక్కి బొంబాయికి, ఓడ యెక్కి ఇంగ్లండునకు పోయి, బట్టగా మారి మరల నాగపురి అంగడికే వచ్చును. ఈ రాకపోకల ఖర్చంతయు కట్టువాని నెత్తిన పడును. నాగపురికి రైలు వచ్చియున్నది. చుట్టుప్రక్కల బొగ్గు దొరకును. కొనువారును అచటనే యున్నారు. కావున ఆయన 1874లో కంపెనీ నెలకొల్పి, రైల్వే స్టేషను సమీపమున ఎవ్వరికి అక్కరలేని బురదనేలను తీసికొని మట్టితో పూడ్పించెను. ఆ యూరి షాహుకారు ఒకడు వాటాలు కొనుటకు నిరాకరించి, బంగారమును మట్టిలో పూడ్చువానికి సొమ్మీయజాలనని చెప్పెనట. ఆ మట్టినుండియే బంగారము పుట్టినదని తరువాత ఆయనయే ఒప్పుకొనెనని చెప్పుదురు. 1877 జనవరి 1వ తేదీన, విక్టోరియా రాణి భారత సామ్రాజ్ఞిగా ప్రకటింపబడిన దినముననే, ఆ మిల్లు ఎంప్రెస్ మిల్లను పేరుతో ప్రారంభమయ్యెను.

ప్రారంభమున అంతయు సవ్యముగా జరిగినదని మేము చెప్పము. తొలుత తెప్పించిన యంత్రములు చౌకరకమువి. వాటి నూలు నాణెముగా రాలేదు. జంషెడ్జీ తన పొరపాటును కప్పిపుచ్చుకొనక వాటిని మార్పించి మేలైనవి పెట్టించెను. నిర్వాహకుని యెన్నిక కూడ గమనింపదగినది. ఆ పనికి ఆయన నియమించినది మిల్లు పని యెరిగినవానిని గాదు. రైల్వే సరకుల శాఖలో పనిచేయుచుండిన బెజోన్జీ దాదాభాయి మెహతాను. సామర్థ్యము మనుష్యునియందు ఉన్నచో పని నేర్చుకొనవచ్చునని జంషెడ్జీ నమ్మకము. ఆ నమ్మకము వమ్ము కాలేదు.

యంత్రములు మంచివి వచ్చిన పిదపను మరియొక చిక్కు మిగిలెను. ప్రతిదినము కూలీలలో పలువురు పనికి రాకుండిరి. నాలుగు నాళ్లకు చాలినంత కూలి చేతబడినచో పెండ్లికో జాతరకో పొలమునకో పోవుట అచటివారి కలవాటు. దీనివలన నష్టమెంతయో లెక్క వేసి చూడుడు. నూరు కదురులు గల మిల్లులో ఇరువది కదురులు ఊరకున్నవనుకొందము. కొలిమిలో బొగ్గు తగ్గదు, కట్టడముపై పెట్టిన సొమ్మునకు వడ్డీ తగ్గదు, గుమాస్తా జీతము తగ్గదు. నూరింటికి కావలసిన ఖర్చును ఎనుబదియే మోయవలెను. కావున నడచు కదురు తీసిన నూలు కూడ ప్రియమగును. ఖాళీగా మరలు బండి కథయే ఇదియును.

ఇతర యజమానులైనచో జరిమానా విధించియుందురు. జంషెడ్జీ మనుష్యుడు రాకపోవుటకు కారణమేమని ఆలోచించెను. క్రమముగా హాజరైనవారికి బహుమానములు ఏర్పరచెను. ఏటేట సభ చేసి గొలుసులు, గడియారములు, వస్త్రములు పంచిపెట్టించెను. 1886లో పింఛను నిధియు, 1895లో ప్రమాదమునకు గురియైన కార్మికులకు పరిహారమును ఏర్పాటు చేయించెను. మిల్లులోని గాలి ఊపిరాడునట్లుగా నుండుటకును, నిప్పు పుట్టినచో తనంత తానుగ నీరు చిమ్ముటకును సాధనములు పెట్టించెను. ఆనాటి మిల్లు కార్మికుల బ్రదుకు సుఖమయమని మేము చెప్పజాలము. పని గంటలు దీర్ఘములు, కూలి స్వల్పము. అయినను, చట్టము బలవంతపెట్టక పూర్వమే ఇట్టివి చేసినవారు లోకమున అరుదు.

యంత్రము విషయమునను ఆయన చూపు ఇట్టిదే. అప్పుడు నూలు వడకుటకు మ్యూల్ అను యంత్రము వాడుచుండిరి. దాని బండి ముందునకు కదలుచు దారమును సాగదీసి పురి యెక్కించును. వెనుకకు మరలుచు దానిని చుట్టును. చుట్టునంతసేపు వడకుట ఆగిపోవును. రింగ్ అను క్రొత్త యంత్రమున ఈ రెండు పనులును విరామము లేక ఏకకాలముననే జరుగును. లాంకషైరు వారు పాతదానినే పట్టుకొనియుండగా, జంషెడ్జీ 1883 ప్రాంతముననే రింగులను నాగపురిలో పరీక్షించి, మేలని తేలినంతనే స్వీకరించెను. చెడిన యంత్రము ఊరకుండుట ఎల్లరకు కనబడును. నడచుచున్న యంత్రములోనే దాగియున్న ఖాళీ కాలమును కనిపెట్టుటకు వేరు కన్ను కావలెను.

1886లో ఆయన బొంబాయి చెంత కుర్లాలో ఖాయిలాపడిన ధరమ్‌సీ మిల్లును పన్నెండున్నర లక్షల రూపాయలకు కొనెను. కట్టినవారు దానిపై అంతకు ఎన్నియో రెట్లు వెచ్చించియుండిరి. చౌకగా వచ్చినదని సంతోషించుటకు వీలులేకపోయెను. యంత్రములు శిథిలములు, పనివారు ఉత్సాహము చచ్చినవారు. మరమ్మతులకు పోసిన సొమ్ము ఇసుకలో నీరయ్యెను. జంషెడ్జీ చిక్కులలో పడెనని వదంతులు పుట్టెను. ఆయన వెనుకంజ వేయక తన సొంత ఆస్తిని ఒడ్డి, నాగపురినుండి ఆరితేరిన పనివారిని రప్పించి, ఒక్కొక్క యంత్రమును పరిశీలించి, పనికిరానిదానిని తీసివేసి, తక్కినదానిని బాగుచేయించెను. కొన్ని సంవత్సరములలో ఆ మిల్లు లేచి నిలువబడెను. దానికాయన పెట్టిన పేరు స్వదేశీ మిల్లు. వంగదేశమున స్వదేశోద్యమము తలయెత్తిన 1905వ సంవత్సరమునకు ఇరువది యేండ్లకు దగ్గరగా ముందటి మాట యిది. నాగపురి మిల్లును కుర్లా మిల్లును ఇప్పుడు నడుచుటలేదు. అయినను అవి నేర్పిన పాఠము మాసిపోలేదు.

ఆయన చేసినవన్నియు ఫలించినవనుకొనరాదు. చీనా, జపాను దేశములకు పోవు మన నూలుపై విదేశ నౌకా కంపెనీలు అధిక కిరాయి గుంజుచుండగా, 1893లో ఆయన జపాను పోయి, అచటి నౌకా సంస్థతో ఒప్పందము చేసికొని ఓడలు నడిపించెను. ప్రతిపక్షులు కిరాయిని పాతాళమునకు దించిరి. వర్తకులు చౌక కిరాయికి ఆశపడి ఆయనను విడిచిరి. ఆ యత్నము భగ్నమయ్యెను. సొంత యింటిలోని వస్తువును పనిలో పెట్టుటకు ఒకని పట్టుదల చాలును. పదిమంది వస్తువును పనిలో పెట్టుటకు పదిమంది కలసిరావలెనని ఈ యోటమి తెలుపుచున్నది.

మైసూరు రాజ్యమునందలి పట్టు పరిశ్రమ క్షీణించుట చూచి ఆయన బెంగుళూరులో జపాను నిపుణులచే పట్టు క్షేత్రము నెలకొల్పించెను. బెంగుళూరులోని టాటా సిల్క్ ఫారం అను పేట పేరు ఆ క్షేత్రమును స్మరింపజేయునదియే. మన పత్రిక పాఠకులలో కొందరు ఆ వీధులలో నడచినవారే యైయుందురు.

నేల, యంత్రము, సరకు వీటికంటె మిన్నగా ఊరక పోవుచున్నది దేశములోని తెలివియని ఆయనకు తోచెను. చదువుటకు శక్తియుండియు సొమ్ము లేక నిలిచిపోయిన యువకుల కొరకు 1892లో నిధి నొకదానిని స్థాపించి, విదేశములలో పై చదువులకు అప్పులు ఇప్పించెను. దానముగా గాక అప్పుగా ఈయబడుటయందు ఒక ధర్మము కలదు. ఒకడు తీర్చిన సొమ్ము మరియొకనికి చేరును. ధనము పెట్టెలో నిద్రింపదు, పుచ్చుకొన్నవాడు తల వంచుకొననక్కరలేదు. విజ్ఞానశాస్త్ర పరిశోధన కొక మహావిద్యాలయము కావలెనని 1898లో ఆయన తన ఆస్తిలో 30 లక్షల రూపాయల విలువగల భాగమును ఈయ సంకల్పించెను. మైసూరు సంస్థానము బెంగుళూరులో 371 ఎకరముల నేలను దానమిచ్చెను. ఆ సంస్థ 1909లో స్థాపితమై, 1911లో విద్యార్థులను చేర్చుకొనెను. బెంగుళూరు జనులు నేటికిని దానిని టాటా ఇన్‌స్టిట్యూటనియే పిలుచుచున్నారు.

పడమటి కనుమలలో కుండపోతగా కురియు వాన నీరు కొండలపైనుండి పల్లమునకు దుముకుచుండెను. దాని వేగమును పట్టి విద్యుత్తుగా మార్చినచో బొంబాయి మిల్లులకు బొగ్గుపొగ తప్పునని ఆయన ఆశించెను. ఇనుము సంగతియు అట్టిదే. 1882లో చందా జిల్లా ఇనుపరాతిని గూర్చి జర్మను నిపుణుడొకడు వ్రాసిన నివేదికను చదివిన నాటనుండి ఆయనకు ఆ ధ్యాస పట్టెను. ఆ ప్రాంతపు బొగ్గు ఇనుము కరగించుటకు పనికిరాదని పరీక్షలో తేలెను. ఆయన ఆశ వదలక 1902లో అమెరికా పోయి ఉక్కు కర్మాగారములను చూచి, నిపుణులతో మాటలాడి వచ్చెను. 1904 ఫిబ్రవరిలో భూగర్భశాస్త్రజ్ఞుడైన ప్రమథనాథ బోసు మయూరభంజ సంస్థానమునందలి గోరుమహిసాని కొండలో మేలైన ఇనుపరాయి కలదని తెలుపుచు లేఖ వ్రాసెను. జంషెడ్జీ దాని ఫలమును చూడలేదు. ఆ సంవత్సరమే మే 19వ తేదీన జర్మనీ దేశమున బాద్ నౌహైమ్ పట్టణమున ఆయన కన్నుమూసెను. విద్యాలయము, విద్యుత్తు, ఉక్కు ఈ మూడింటిలో ఒక్కటియు ఆయన జీవించియుండగా పూర్తికాలేదు.

కుమారులును సహచరులును ఆ పనులను కొనసాగించిరి. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడెను. గోరుమహిసాని రాతితో సాక్చీయను పల్లెలో 1911లో మొదటి ఇనుమును, 1912లో మొదటి ఉక్కును తీసిరి. 1919లో ఆ చోటికి జంషెడ్‌పురమని పేరు వచ్చెను. మయూరభంజము నేడు ఒడిశాలోని జిల్లా. జంషెడ్‌పురము ఝార్ఖండ్‌లోని నగరము. పని వెదకుకొనుచు అచటికి పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. 1915లో కనుమల జలవిద్యుత్తు బొంబాయి మిల్లులకు అందెను.

ఇచట మరియొక సంగతిని దాచుట న్యాయము గాదు. టాటాల విద్యుత్తు కంపెనీ పుణె చెంత ముల్షీలో ఆనకట్ట కట్టబూనగా, తమ పొలములు మునుగునని రైతులు 1921లో సేనాపతి బాపట్ నాయకత్వమున సత్యాగ్రహము చేసిరి. ఆనకట్ట ఆగలేదు; పల్లెలు మునిగెను. ఇది జంషెడ్జీ మరణానంతరము జరిగినదే యైనను, ఆయన మార్గమున నడువగోరువారు దీనిని మరువరాదు. కంపెనీ కంటికి ఊరక పారిపోవుచున్న నీరు. ఆ లోయలోని రైతు కంటికి తన తాతలు దున్నిన మడి. కావున ఏ వస్తువునైనను వ్యర్థమని తలచునప్పుడు, అది ఎవరికి వ్యర్థమని కూడ అడుగవలెను. ఈ ప్రశ్న అడుగనివానికి ఖాళీ నేలయు, అన్యుల యింటి పెరడును ఒక్కటిగనే కనబడును.

తలిదండ్రులకు ఒక మాట మనవి చేయుదుము. మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో కన్నడమునో తమిళమునో ఒడియానో మరాఠీనో మాటలాడుదురు. ఈ తెలుగు చదువు వలన ఉపయోగమేమని మమ్ము అడుగువారు కలరు. రెండు ప్రాంతముల నడుమ సరకు మారుచోట, రెండు భాషలలో బేరమాడి, రెండు లిపులలో లెక్క వ్రాయగలవాని విలువ ఎంతయో అంగడిలో కూర్చున్నవారిని అడిగి తెలిసికొనుడు. ఒక భాష మాత్రమే తెలిసినవాడు ఒకవైపునకే బరువు మోయు బండి. మన పిల్లల బండి రెండువైపులకును నిండుగా నడువగలదు. దానిని తిరుగు బాటలో ఖాళీగా తోలుకొని రానీయకుండుటయే మనము చేయవలసిన పని.